ఎదుటి పార్టీకి శ్రుతి పట్టిన రోజు

నా ప్రాణస్నేహితురాలి పెళ్లివేడుకలో, వాళ్ల ఇంట్లో, వాళ్ల తరఫునే కూర్చుని, వాళ్లు పోసిన షర్బత్ తాగి, చివరికి వాళ్లనే ఓడించాను. పొరపాటున ఒకసారి ఓడించానంటే మనిషన్నాక మామూలే అనుకోవచ్చు. నేను రెండుసార్లు ఓడించాను, ఒకే మధ్యాహ్నం. పత్తర్‌గట్టి వెనక గల్లీల్లో ఈ సంగతి ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారని నాకు తెలుసు. నవ్వుకోనీయండి. నేనేమీ తల దించుకోను. ఆ రోజు జరిగింది జరిగినట్టు చెబుతాను, తప్పెవరిదో మీరే తేల్చండి. నాదే అని తేలుతుందనుకోండి, అయినా చెబుతాను.

డెబ్బైలలో మాట ఇది. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మా ఇల్లు ఛత్రినాకలో. నాన్న బస్సు డిపోలో మెకానిక్. నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో టైపిస్టును. పేరు కరుణ. పేరుకు తగ్గ గుణం అప్పట్లో ఏమీ లేదు.

నాకో గిటారు ఉండేది. మా చిన్నమామ మోజుపడి తెచ్చుకుని, నాలుగు రోజులకే వేళ్లు నొప్పి పుట్టి, మా బీరువా మీద పడేసిపోయాడు. దాన్ని కిందికి దింపింది నేను. చర్చిలో హార్మోనియం వాయించే మాస్టారి దగ్గరికి వెళ్లి నేర్పమని అడిగాను.

"ఆడపిల్లకు గిటారేందమ్మా! వేళ్లకు కాయలు గాస్తయి. సక్కగ కోరస్‌ల నిలవడి పాడుకో" అన్నారాయన.

అంతే, నాకు పట్టుదల వచ్చేసింది. నేర్పే మనిషి లేకపోతే నాకు చెవులు లేవా? ఆ రోజు నుంచీ రేడియోలో ఏ పాట వచ్చినా గిటారు ఒళ్లో పెట్టుకుని దాని వెంటపడేదాన్ని, చిల్లర ఇవ్వకుండా పోతున్న కండక్టరు వెంట పడినట్టు.

నా పద్ధతి మీకూ చెబుతాను. పాట ఎన్ని వీధులు తిరిగినా చివరికి ఒక స్వరం మీదికొచ్చి కూర్చుంటుంది, డ్యూటీ దిగిన మనిషి ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నట్టు. ఆ స్వరాన్ని ముక్కులో పట్టుకుని "ఊఁ" అంటూ, గిటారు మీద లావుతీగను ఒక్కో మెట్టు దగ్గరా నొక్కి మీటుతూ పోవాలి. ఏ మెట్టు దగ్గర తీగా ముక్కూ ఒకే మాట మీదికి వస్తాయో, అదే ఆ పాట ఇల్లు. అదే శ్రుతి. ఇక మూడు కార్డులు తెలిస్తే చాలు. కార్డు అంటే నాలుగైదు స్వరాలను ఒక్క దెబ్బకు కలిపి మోగించడం. ఇంటి కార్డు ఒకటి, పక్కింటిది ఒకటి, ఎదురింటిది ఒకటి. ఈ మూడింటితో లోకంలోని సగం పాటలు వాయించవచ్చు. ఈ మాటే మా అమ్మతో అంటే, "ఉన్న ఒక్క రేషన్ కార్డే సక్కగ లేదు, మూడెక్కడివే?" అంది.

పాడే మనిషి గొంతుకు ఆ శ్రుతి సరిపడకపోతే ఇల్లు మారాలి. సామాను అదే, సర్దే వరసా అదే, ఇల్లు మాత్రం వేరు. అందుకు నా దగ్గర ఒక యంత్రం ఉండేది. సగం పెన్సిలూ, రెండు రబ్బరు బ్యాండ్లూ. పెన్సిల్‌ను తీగలకు అడ్డంగా పెట్టి మెడకు బిగించి కట్టేస్తే, గిటారు ఆ మెట్టు దగ్గర్నుంచి కొత్తగా మొదలవుతుంది. పెన్సిలూ, రబ్బరు బ్యాండ్లూ ఆఫీసువే. సంగీతానికి ప్రభుత్వ సహాయం అనుకోండి.

ఏడాది తిరిగేసరికి నా గర్వానికి మేర లేకుండా పోయింది. ఆఫీసులో సీలింగు ఫ్యాను ఏ శ్రుతిలో మూలుగుతోందో, ఆఫీసరుగారు లేచినప్పుడు కుర్చీ ఏ శ్రుతిలో కిర్రుమంటుందో చెప్పేదాన్ని. అడిగినవాళ్లకూ చెప్పేదాన్ని, అడగనివాళ్లకూ చెప్పేదాన్ని. ఇవన్నీ ఓపిగ్గా విన్న ఒకే ఒక్క మనిషి రజియా. నా పక్క సీటు టైపిస్టు. వాళ్ల ఇల్లు పత్తర్‌గట్టి వెనక. ముందుగదిలో వాళ్ల నాన్న బట్టల దుకాణం, వెనక వాకిలి, చుట్టూ గదులు. ఆమె తెలుగు నా తెలుగు కన్నా ధారాళంగా ఉండేది.

ఒకరోజు మధ్యాహ్నం డబ్బా విప్పుతూ రజియా అంది:

"కరుణా, నీ చెవులతోని పనివడ్డది."

"ఏంది చెప్పు."

"నా షాదీకి ముంగట మాంఝా ఉంటది. నాకు పసుపు బట్టలేసి కూసోబెడ్తరు. పిల్లగాని దిక్కు ఆడోళ్లు పసుపు తీస్కొని వస్తరు. గప్పుడు రెండు పార్టీలు ఢోలక్ వెట్టుకొని పాటలు పాడ్తయి. వాళ్లు మమ్మల తిడ్తరు, మేం వాళ్లను తిడ్తం."

"పాటలల్లనా?"

"పాటలల్లనే. మాటలల్ల తిడితే లొల్లి, పాటలల్ల తిడితే షాదీ."

"గిండ్ల నా పనేంది?"

రజియా గొంతు తగ్గించింది. "మా నాయినమ్మ, దాదీమా, యాభై ఏండ్ల సంది గీ గల్లీల ఏ పెండ్ల సుత ఓడిపోలే. గని ఇప్పుడు దమ్ము తక్కువైంది. అటుదిక్కు సైదాబాద్ నుంచి పిల్లగాని మేనత్త వస్తది. అందరు ఫుప్పీ అంటరు. ఆమె గొంతు ఇంటే మిల్లు సైరన్ సిగ్గువడ్తది. ఇంట్ల ఆఖరు పెండ్లి నాదే. ఇదొక్కటి గెలిచి ఇడిచిపెడ్త అంటున్నది దాదీమా. నువ్వు గిటారు తెస్తే ఆమె పాటకు జర బలమొస్తది."

నేను డబ్బా మూత టేబుల్ మీద కొట్టాను. "నేనుండంగ ఫికర్ ఏంది? ఎవ్వరు పాడని, ఏ పాటనన్న పాడని, మొదటి లైను అయ్యేలోపల శ్రుతి పట్టకుంటే నా పేరు మార్చుకుంట!"

ఈ మాట గుర్తుపెట్టుకోండి. మాట తప్పలేదు నేను. అదే అసలు గొడవ.

ఆ వచ్చే ఆదివారం రిహార్సల్‌కు వెళ్లాను. దాదీమా చెక్క బల్ల, వాళ్ల మాటలో తఖ్త్, మీద పిచ్చుకలా ముడుచుకుని కూర్చుంది. గోరింటాకు పెట్టిన జుట్టు, బుగ్గలో పాన్, ఒళ్లో వక్కల కత్తెర. మనిషి చిన్నది కానీ చూపు పెద్దది. పెద్ద మనవరాలు, రజియా వాళ్ల అక్క సకీనా ఆపా ఢోలక్ ముందేసుకుంది.

దాదీమా మొదలుపెట్టింది. మొదటి లైను పూర్తయ్యేలోపలే పట్టాను, మూడో మెట్టు. కాలర్ లేదు కాబట్టి సరిపోయింది కానీ, ఉంటే ఎగరేసేదాన్ని. మొదటి చరణం అయింది. రెండో చరణంలో నా కార్డులు బియ్యంలో రాళ్లలా తగలడం మొదలుపెట్టాయి. వెతికితే దాదీమా నాలుగో మెట్టు మీద ఉంది. అక్కడికి వెళ్లాను. మూడో చరణానికి ఆమె ఐదులో ఉంది. ఐదో చరణానికి ఏడులో ఉంది. నేను ఆమె వెనకాల బస్సు తప్పిపోయిన మనిషిలా పరుగెత్తుతున్నాను.

"దాదీమా, ఒక్క నిమిషం ఆగున్రి. మీరు మెట్లు ఎక్కుతున్నరు."

"ఏం మెట్లు బేటీ? నేను తఖ్త్ మీదికెల్లి దిగనే లేదు."

"మెట్టంటే గీడ, గిటారు మీద. మూడో మెట్టు కాడ మొదలువెట్టి ఏడో మెట్టు కాడికి వచ్చిన్రు. శ్రుతి జారుతున్నది."

"జారుడేంది, ఎక్కుతున్న అని నువ్వే అంటివి గద!" దాదీమా వక్కను టప్పున కత్తిరించింది. "తిట్టేటప్పుడు గొంతు ఎక్కదా? నువ్వు మీ ఇంటిపక్క ఆమెతోని లొల్లి వెట్టుకుంటే ఒక్కతీరుగ మాట్లాడ్తవా? తిట్టే పాట ఉన్నకాన్నే కూసుంటే గది తిట్టెట్లయితది? దేవునికి మొక్కే దువా అయితది."

తెలివైన మనిషైతే అక్కడ ఆగి ఆలోచించేది. నేను కాగితం తీశాను. మూడూ ఏడూ కలిపితే పది, సగం చేస్తే ఐదు. ఐదో మెట్టు దగ్గర పెన్సిల్ అడ్డం పెట్టి రబ్బరు బ్యాండ్లు బిగించాను.

"గిదే మీ శ్రుతి దాదీమా. మొదటి మాట కాడికెల్లి ఆఖరు మాట దాక గీడనే ఉండాలె. పైకి పోవద్దు, కిందికి రావద్దు."

ఆమె నన్ను చూసింది. పెన్సిల్‌ను చూసింది. "గిటారు మెడకు కట్టినట్టు నా మెడకు సుత కడ్తవా?"

"సంగీతమంటే క్రమశిక్షణ దాదీమా."

సకీనా ఆపా ఏదో అనబోయింది. దాదీమా చెయ్యెత్తి ఆపి, "ఠీక్ హై. సదువుకున్న పిల్ల, ఎట్ల చెప్తే గట్ల చేద్దాం" అంది. డెబ్బై ఏళ్ల మనిషి నా మాట విన్నందుకు నేను మురిసిపోతూ ఇంటికి వచ్చాను. అప్పటి నన్ను ఇప్పుడు దొరకబుచ్చుకుంటే చెవి మెలిపెట్టి, ఆ చెవి ఏ శ్రుతిలో అరుస్తుందో అడిగేదాన్ని.

మాంఝా రోజు వచ్చింది. మధ్యాహ్నం నమాజు అయ్యాక వాకిలంతా తెల్ల దుప్పట్లు పరిచారు. మగవాళ్లెవరూ లేరు. ఒకవైపు మేము, ఎదురుగా సైదాబాద్ వాళ్లు. మధ్యలో పీట మీద రజియా, పసుపు బట్టల్లో, కొంగు గడ్డం దాకా లాగి, తల వంచుకుని కూర్చుంది. నేను గిటారుతో దాదీమా పక్కన, సైన్యాధిపతిలా కూర్చున్నాను.

ఫుప్పీ వచ్చింది. భారీ మనిషి. కళ్లకు దట్టంగా సుర్మా. కూర్చుని, చేతిసంచీ పక్కన పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే పెటిల్లున విరిచింది. నా గిటారు వంక ఒక్క క్షణం చూసి, పక్కామె చెవిలో ఏదో అంది. ఆ పక్కామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మొదటి పాట మాది. దాదీమా నా మాట ప్రకారం ఐదో మెట్టు మీదే అందుకుంది. మొదలే ఆమెకు ఎత్తైపోయింది, మేడ మెట్లు ఒకేసారి రెండేసి ఎక్కినట్టు రొప్పింది. మూడో చరణానికి గొంతు వేడెక్కి పైకి లేవబోయింది. నేను ఊరుకుంటానా? ఐదో మెట్టు కార్డును ధన్‌మని గట్టిగా మోగించి కిందికి లాగాను. మళ్లీ లేవబోయింది, మళ్లీ లాగాను. పతంగి ఎగరబోయిన ప్రతిసారీ నేను మాంజా దారం చుట్టేస్తున్నాను. పాటలో తిట్లున్నాయి. వరుడు మధ్యాహ్నం దాకా నిద్ర లేవడనీ, వాళ్ల ఇంటి పులుసులో ముక్కలు వెతకడానికి దీపం పట్టుకోవాలనీ ఉంది. కానీ అది జబ్బుపడ్డవాళ్ల కోసం చేసే ప్రార్థనలా వినిపించింది. పాట అయిపోగానే సైదాబాద్ వైపు ఒక ముసలమ్మ భక్తిగా "ఆమీన్" అంది.

వాకిలి ఘొల్లుమంది. దాదీమా పాన్ ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకుంది.

ఇక ఫుప్పీ వంతు. ఆమె పాటకు నేను వాయించాలని అనుకోలేదు. నమ్మండి. గిటారు ఒళ్లో పడుకోబెట్టి, చేతులు కట్టుకునే కూర్చున్నాను. ఆమె గొంతెత్తింది. అబ్బ! ఆ స్వరం గోడకు కొట్టిన మేకులా దిగబడింది. ఇటు ఊగదు, అటు ఊగదు. ఏడాది పాటు గిర్రుమనే రేడియోనీ, కిర్రుమనే కుర్చీనీ, ఎక్కిపోయే దాదీమానీ భరించిన చెవికి అలాంటి గొంతు దొరికితే ఏమవుతుంది? నా ముక్కు తనంతట తనే "ఊఁ" అంది. నా వేలు లావుతీగ మీద పాకింది. ఎనిమిదో మెట్టు! పెన్సిల్ విప్పకుండానే వేళ్ల అమరిక మార్చి ఇల్లు మారిపోయాను. మొదటి లైను అయ్యేలోపలే కార్డు వేసేశాను.

వాకిలంతా "వాహ్!" అంది. అంతకుముందు గొంతూ ఢోలకూ తప్ప ఏమీ లేని పాటకు ఒక్కసారిగా గోడలూ కప్పూ లేచాయి. ఫుప్పీ తల తిప్పి నన్ను చూసింది. కనుబొమ ఎగరేసింది. తర్వాత నవ్వి, నా వైపే చెయ్యి చాపి పాడసాగింది. సంగీతం తెలిసినవాళ్లు ఒకరినొకరు గుర్తుపడతారని నేను పొంగిపోయాను. ఆమె కొత్త చరణం ఎత్తుకుంది. రెండో లైను చివర స్వరం అనుకోని సందులోకి మళ్లి, చిత్రంగా తిరిగి ఇంటికొచ్చింది. ఆ మలుపుకు తగిన కార్డు నేను అంతకుముందు ఎన్నడూ వేసింది కాదు. నా వేళ్లకు దొరికేసింది! ఆ ఆనందంలో నేను గట్టిగా అరిచాను:

"ఫిర్ సే! ఫిర్ సే!"

మళ్లీ పాడమని. ఎదుటి పార్టీ పగలబడి నవ్వింది. నన్ను మెచ్చుకుంటున్నారనుకున్నాను. ఫుప్పీ మళ్లీ పాడింది. నేను ఇంకా బాగా వాయించాను. రెండోసారి "ఫిర్ సే" అన్నాను. మూడోసారి వేలెత్తి మరీ అన్నాను. సైదాబాద్ వాళ్లు ఒకరి మీద ఒకరు పడిపోతున్నారు. మా వైపు ఢోలక్ ఎప్పుడో ఆగిపోయిందని నేను గమనించనే లేదు.

తొడ మీద చురుక్కుమని మండింది. సకీనా ఆపా గిల్లింది.

"ఏం వాయిస్తున్నవ్ ఎరికేనా నీకు?"

"ఎనిమిదో మెట్టు ఆపా."

"నీ మెట్టు మీద మన్నువడ! మాటలు ఇను, మాటలు!"

విన్నాను. మొదటి చరణం మా ఇంటి చాయ్ గురించి: "సమ్‌ధన్ కీ చాయ్ మే పానీచ్ పానీ." వియ్యపురాలి చాయ్‌లో నీళ్లే నీళ్లు. సరే, అది మామూలు తిట్టు. నేను మూడుసార్లు అడిగి పాడించుకున్న చరణం ఇది:

"కద్దూ కో తారాఁ బాంద్ కే లాయే, బజానే వాలీ కో లాయే నై."

సొరకాయకు తీగలు కట్టి తెచ్చారు కానీ, వాయించే మనిషిని తేలేదట.

పుట్టినప్పటి నుంచీ ఆ భాష వింటూ పెరిగినదాన్ని. ప్రతి మాటా తెలుసు. కానీ శ్రుతి వెతికే చెవికి మాటలు వినపడవండీ. మా టైపింగులోనూ అంతే, వేళ్లు అక్షరాలు చూస్తాయి తప్ప కాగితంలో ఏముందో చూడవు. నన్ను ఉద్యోగంలోంచి తీసేసిన ఉత్తర్వును నేనే ఒక్క తప్పు లేకుండా టైపు చేసి, "ఇంకో రెండు కాపీలు కావాలా సార్?" అని అడిగినట్టయింది నా పని.

చేతులు ఆగిపోయాయి. ఫుప్పీ తియ్యగా అడిగింది: "కైకు రోకే బేటీ? ఎందుకాపినవ్? మస్తు వాయిస్తున్నవ్. గా దిక్కు ఏం పని నీకు, ఇటొచ్చి మా పక్కన కూసో."

మళ్లీ నవ్వులు. పీట మీద రజియా భుజాలు అదురుతున్నాయి. పెళ్లికూతురిని ఏడిపించేశాననుకున్నాను. సకీనా ఆపా పళ్లు కొరుకుతూ, "ఇగ సాలు, గా డబ్బను లోపల పెట్టేసి రా పో" అంది.

నిజానికి వెళ్లి పెట్టేస్తే అక్కడితో పోయేది. కానీ సొరకాయ అన్నాక ఎలా పోతాను?

"పెట్టను. ఇంకొక్క పాట ఆపా. దాదీమా పాడాలె, నేను వాయించాలె."

"ఇంక పరువు మిగిలిందా తియ్యనీకి?"

"కానియ్యి సకీనా" అంది దాదీమా. అంతసేపటికి ఆమె నోరు విప్పడం అదే. నా వైపు తిరిగింది. "ఎన్నో మెట్టు బేటీ? ఐదేనా?"

నేను రబ్బరు బ్యాండ్లు తెంపి పెన్సిల్ ఊడదీసి పక్కన పడేశాను. "మీ ఇష్టం దాదీమా. మీరు ఏడికి పోతే ఆడికి వస్త."

ఆమె కళ్లు మెరిశాయి. "అట్లనా? ఐతె సెప్పులు గట్టిగ ఏస్కో."

మూడో మెట్టు మీద, పక్కింటావిడతో మాట్లాడుతున్నంత మెల్లగా మొదలుపెట్టింది. ఒక చరణం వరుడి నిద్రకు. నాలుగో మెట్టు. ఒక చరణం వాళ్ల మామ మీసాలకు. ఐదో మెట్టు. నేను చూపుడువేలిని పెన్సిల్‌లా అన్ని తీగల మీదా అడ్డంగా నొక్కి, చరణం చివర ఆమె ఊపిరి పీల్చుకునే లోపల చేతిని ఒక మెట్టు పైకి జరుపుతున్నాను. ఆమె ఎక్కడికి ఎక్కుతుందో ఇప్పుడు ముందే తెలుస్తోంది. అది జారడం కానే కాదు. పంచాయితీ ముదురుతున్నకొద్దీ మనిషి నడుముకు చెంగు దోపుకుంటుంది చూడండి, అదీ! ఏడు, ఎనిమిది, తొమ్మిది. మా వైపు ఆడవాళ్లు మోకాళ్ల మీద లేచారు. సకీనా ఆపా ఢోలక్ మీద చేతులు కనిపించడం లేదు. పదో మెట్టుకు నా వేలు మొద్దుబారిపోయింది. పదకొండో మెట్టు కూడా ఉంటుందా దాదీమా అని నేను దీనంగా చూస్తే, ఆమె నా వైపు చూసి, కావాలనే ఇంకో బంధువును గుర్తుచేసుకుంది. చివరి చరణం ఫుప్పీ చేతిసంచీ మీద. అందులో పక్కింటివాళ్ల చెంచాలున్నాయట. అది పన్నెండో మెట్టు. అక్కడితో గిటారు మెడ అయిపోయి పొట్ట మొదలవుతుంది. దాదీమా గొంతు అక్కడ దారమంత సన్నగా ఉంది, కానీ తెగలేదు.

మా వైపు లేచిన కేకకు గోడ మీది పావురాలన్నీ ఎగిరిపోయాయి.

ఇప్పుడు ఫుప్పీ జవాబు చెప్పాలి. ఢోలక్ ఆగలేదు. నేనూ ఆపలేదు. పన్నెండో మెట్టు కార్డునే మోగిస్తూ కూర్చున్నాను. వాకిలి చెవులన్నీ ఆ శ్రుతిలోనే ఉన్నాయి, ఆమె అందులోనే అందుకోవాలి. ఫుప్పీ అందుకుంది. మొదటి లైను ఎలాగో గట్టెక్కింది. రెండో లైనులో ఆ మేకులాంటి గొంతు పుంజు కూతలా చీలిపోయింది.

ఆమె చేయి అడ్డంగా ఊపింది. "జర కిందికి దించు బిడ్డా. నా ఇంటికి తే."

ఎనిమిదో మెట్టు ఎక్కడుందో నాకు తెలుసు. ఒక్క క్షణంలో దించగలను. నేను ఎంతో వినయంగా చెప్పాను:

"నాకు దించుడు రాదు ఫుప్పీ. వాయించే మనిషిని మావోళ్లు తేనే లేదు గద!"

వాకిలి దద్దరిల్లింది. నా జీవితంలో అంత గొప్ప క్షణం ఇంకోటి లేదు. అది ఒక గ్లాసు షర్బత్ తాగేంతసేపు నిలిచింది. ఖచ్చితంగా అంతే, ఎందుకంటే ఫుప్పీ నిజంగానే షర్బత్ తీసుకుని, తొందర లేకుండా తాగి, గ్లాసు కింద పెట్టి, దుపట్టా సర్దుకుంది. తర్వాత నోరు తెరిచింది.

లోపలి నుంచి, ఎక్కడో నాభి కింది నుంచి, లారీ ఇంజను అంటుకున్నట్టు ఒక మగగొంతు వచ్చింది. అదే స్వరం. అదే శ్రుతి. కాకపోతే ఒక స్థాయి కింద. సా అనేది పైనా ఉంటుంది, కిందా ఉంటుంది, రెండూ సా యే. సంగీతం మొదటి పాఠం నేర్చుకునే పిల్లలకు కూడా తెలిసిన సంగతి. మాస్టారు లేకుండా నేర్చుకున్న మహావిదుషికి ఆ క్షణంలో గుర్తులేదు. పై అంతస్తుకు తాళం వేసి నేను గర్వంగా నిలబడితే, ఆమె అదే ఇంట్లో కింది వాటాలోకి తాపీగా నడిచి వెళ్లింది. పైగా నా పన్నెండో మెట్టు కార్డు ఆ లారీ గొంతుకు సరిగ్గా అతికిపోయింది. దించనని మొండికేసి, ఆమెకు కావలసిన శ్రుతిని ఆమె కాళ్ల ముందు తివాచీలా పరిచి పెట్టింది నేనే.

ఆ గొంతుతో ఫుప్పీ వరుడైపోయింది. లేని మీసం మెలేస్తూ, దాదీమా ముందు మోకాళ్ల మీద కూర్చుని, మధ్యాహ్నం దాకా నిద్రపోనని మాటిస్తున్నాను, నీళ్ల చాయ్ అయినా తాగుతాను, ఆ సొరకాయ పిల్లను మాత్రం కట్నంగా పంపవద్దు, నీ మనవరాలిని ఇవ్వు అని పాడింది. దాదీమా రెండు లైన్లు ఆపుకుంది. మూడో లైనుకు పాన్ ఎగిరి ఒళ్లో పడింది. నవ్వుతూ, దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ రెండు చేతులూ పైకెత్తేసింది.

"బస్! బస్! నేను ఓడిపోయిన!"

యాభై ఏళ్లలో మొదటిసారి.  అప్పుడు రజియా కొంగు ఎత్తి నా వైపు చూసింది. ముఖమంతా కన్నీళ్లే, కానీ ఏడుపువి కావు.

"మూడుసార్లు!" అంది వెక్కిళ్ల మధ్య. "మూడుసార్లు ఫిర్ సే అన్నవ్ గదనే! కడుపు నొప్పి లేస్తున్నది నాకు."

నేను దాదీమా దగ్గరికి జరిగాను. "నా మూలాన ఓడిపోయిన్రు దాదీమా. ఆఖరు పెండ్లి అంటిరి."

ఆమె నా మొద్దుబారిన వేలును పట్టుకుని రుద్దింది. "యాభై ఏండ్లు గెలిచి గెలిచి యాష్టకొచ్చింది బేటీ. ఓడిపోతే గింత నవ్వొస్తదని ఎవ్వరు చెప్పలే నాకు." తర్వాత కింద పడున్న పెన్సిల్‌ను చూపించింది. "గని గాన్ని ఇంక ఎవ్వరి మెడకు కట్టకు."

సైదాబాద్ వాళ్లు సాయంత్రం అజాన్ వినపడకముందే లేచారు. ఫుప్పీ బురఖా తొడుక్కుంటూ నా భుజం మీద చెయ్యి వేసింది. "వచ్చే నెల మా బిడ్డ షాదీ ఉన్నది. నువ్వు తప్పకుండ రావాలె. గిటారు తీస్కొని రావాలె."

నా ప్రాణం లేచి వచ్చింది. అంతమంది ముందు నా విద్యకు విలువ కట్టింది ఈమె ఒక్కతే. "తప్పకుండ వస్త ఫుప్పీ. మీ దిక్కు కూసొని అన్ని పాటలకు వాయిస్త."

"తౌబా తౌబా!" అంది ఫుప్పీ చెవులు పట్టుకుని. "మా దిక్కు నక్కో, అస్సలొద్దు. నువ్వు ఎదుటి పార్టీల కూసోవాలె. గప్పుడే మేం గెలుస్తం."

కాబట్టి సమస్త జనులకు ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా: ఛత్రినాక వాస్తవ్యురాలు, టైపిస్టు కరుణ అను నేను, గిటారు మీద చెయ్యి వేసి గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఎవరి పాటకైనా సరే, శ్రుతి పట్టే ముందు అందులో తిట్టింది ఎవరినో విచారించుకుంటాను. నన్నే అని తేలితే ఒక్కసారే వాయిస్తాను. ఫిర్ సే అనను.